బొట్టు లేని పట్టకారు

డిటెక్టివుగా నేను గెలిచిన కేసుల గురించి ఎవరూ అడక్కపోయినా చెబుతాను. ఈ కేసు సంగతి మాత్రం ఎవరడిగినా ఇన్నాళ్లూ మాట మారుస్తూ వచ్చాను. ఇప్పుడు రాయడానికి కూచున్నాను కనక జరిగింది జరిగిన వరసలోనే రాస్తాను. ఆ రోజు ఆలస్యంగా గుర్తొచ్చిన సంగతుల్ని ముందే గుర్తొచ్చినట్టు రాసి తెలివి చూపించుకుంటే, చేసిన తప్పుకి తోడు అదింకో తప్పవుతుంది.

యాభై అయిదో సంవత్సరం దసరా వెళ్లాక ద్వాదశి నాడు ఉదయం పది గంటలకి మేం చోడవరంలో పరదేశి ఇంటి పెరట్లో నిలబడి ఉన్నాం. మేమంటే నేనూ, అనకాపల్లి నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు వేంకటరమణమూర్తీ, సంకెళ్లతో పరదేశీ, అతని పక్కన ఒక కానిస్టేబులూ. గుమ్మంలో పరదేశి భార్య నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నుంచుంది. అందరి మధ్యా పోలీసులు లాగించుకొచ్చిన, ముందుభాగం నుజ్జయిన వ్యాను ఉంది. దాని బానెట్టు మీద వాడిన బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది.

పరదేశి యుద్ధంలో మిలటరీ లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. ఊళ్లోకొచ్చాక పశువుల సాలలో గొయ్యి తవ్వుకుని, పాత వ్యాన్లూ చిన్న కార్లూ ఇంటి దగ్గరే బాగుచేసేవాడు. ఈ వ్యాను మిలటరీవాళ్లు వేలం వేసింది. చీడికాడ సత్యారావు దాన్ని పాడుకుని తెచ్చి, మనుషుల్ని ఎక్కించుకుని తిప్పుకునేలా మార్చమన్నాడు. పరదేశి నాలుగు నెలలు కష్టపడి టాపు ఎత్తు పెంచాడు, నూనె డబ్బాల రేకులు చదును చేసి పక్కలు కట్టాడు, కొబ్బరి పీచు కూరి రెండు బెంచీలు వేశాడు, పైనంతా నీలం రంగు కొట్టాడు. ఆ వ్యానే మహర్నవమి సాయంత్రం అయిదుంబావుకి చీడికాడ రోడ్డు మలుపులో కల్వర్టుని గుద్దుకుంది. నడుపుతున్న సత్యారావు అక్కడికక్కడే పోయాడు.

ఇన్‌స్పెక్టరు వ్యాను కిందికి టార్చి వేశాడు. "చూడండి కామేశం గారూ. స్టీరింగు రాడ్డుకి రెండు చివర్లా రెండు నట్లు. నట్టు ఊడిపోకుండా దాని కన్నంలోంచి ఒక పిన్ను దూర్చి కొనలు వంచుతారు. ఎడమవైపు పిన్ను ఉంది. కుడివైపు నట్టూ లేదు, పిన్నూ లేదు."

వంగి చూశాను. మిలటరీవాళ్లు బండికి పైనుంచి కింది దాకా ఒకటే ముదురాకుపచ్చ రంగు కొడతారు. పరదేశి నీలం పైపైనే వేశాడు కనక అడుగున ఆ పచ్చే మిగిలి ఉంది. ఎడమవైపు పిన్ను కూడా పచ్చగానే ఉంది. కుడివైపు రాడ్డు చివర మాత్రం కన్నం దగ్గర రంగు లేచిపోయి, పట్టకారుతో గీసుకున్న గీతలు రెండు కనిపించాయి.

"విరిగిపోలేదు, లాగేశారు" అన్నాను.

"లాగేసినవాడు మీ పక్కనే ఉన్నాడు. అష్టమి నాడు సత్యారావు మూడో బెంచీ వెయ్యమని పట్టుబట్టాడు. 'మూడో బెంచీ ఏస్తే సస్తావు' అని వీడు అరిచాడు. వీధిలో నలుగురు విన్నారు. మర్నాడు సత్యారావు చచ్చాడు. హత్య కాకపోతే మరేమిటి?"

వేంకటరమణమూర్తికీ నాకూ పడదు. అంతకు ముందు ఏడు అనకాపల్లి బెల్లం గోదాము దొంగతనంలో ఆయన పట్టుకున్నవాడు దొంగ కాదని రుజువు చేసి, ఊరుకోకుండా పత్రికవాళ్లకి కూడా చెప్పాను. దానికే నవమి సాయంత్రం విశాఖపట్నంలో నాకు సన్మానం జరిగింది. వాళ్లు కప్పిన శాలువా ఆ రోజుకింకా నా కారు వెనక సీట్లోనే ఉంది. నలుగురికీ కనిపిస్తుందని ఇంట్లోకి తీసుకెళ్లలేదు.

"హత్య సంగతి తరవాత" అన్నాను, గొంతు కొంచెం పెంచి. "నవమి మధ్యాహ్నం పన్నెండుంబావు నుంచి దశమి ఉదయం తొమ్మిది దాకా పరదేశి నాతోనే ఉన్నాడు. దారిలో కారు మొరాయిస్తుందేమోనని విశాఖపట్నం వెంటబెట్టుకెళ్లాను. తిరిగొచ్చి గుమ్మంలో దిగుతుంటే మీవాళ్లు పట్టుకున్నారు."

"పన్నెండు తరవాత తీశాడని నేనన్నానా? అంతకు ముందే తీశాడు."

"అది కాదని పదకొండు లోపల రుజువు చేస్తాను."

పదకొండు అనడానికి కారణం ఉంది. సత్యారావు భార్య చిన్నమ్మి ఆ రోజు వాఙ్మూలం ఇవ్వడానికి పదకొండు గంటల బస్సుకి రావాలి. ముందు రోజు చీడికాడ వెళ్లి ఆమెని చూశాను. "నీ మొగుణ్ణి పొట్టనపెట్టుకున్నవాణ్ణి రేపు పదకొండు గంటలకి పేరుతో సహా చూపిస్తానమ్మా" అన్నాను. ఆమె అడగలేదు. నా అంతట నేనే అన్నాను.

సాలలోకి వెళ్లాను. ఒక మూల పీట మీద పసుపు గుడ్డ పరిచి, పనిముట్లన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. మహర్నవమి నాడు పనిముట్లు పూజలో పెట్టి, దశమి నాడు కొబ్బరికాయ కొట్టి తియ్యడం మామూలు. దశమి నాడు ఈ ఇంటికి పోలీసులొచ్చారు గాని కొబ్బరికాయ రాలేదు. పూజ పూజగానే ఉండిపోయింది, పువ్వులు ఎండిపోయాయి.

"నూకరత్నం, బొట్లు ఎవరు పెట్టారు?"

"నానే ఎట్టేను బాబూ. పొద్దున్న ఎనిమిదిన్నరకి వేను పనయిపోయింది. తొమ్మిదికి సామానంతా కడిగిచ్చేడు. పంతొమ్మిది వస్తువులకీ పసుపు రాసి కుంకం ఎట్టేను. ఒక్కటీ ఒగ్గలేదు."

ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాను. సుత్తికి బొట్టుంది. జాకీకి ఉంది. చిన్న స్పానరు ఒకదానికీ పట్టకారుకీ లేదు. పసుపు గీతలుగా చెరిగి, పిడి సందులో కుంకం నలుసులు మిగిలాయి. వాటి మీద ఎవరో నూనె చెయ్యి వేశారు.

ఇన్‌స్పెక్టర్ని పిలిచి చూపించాను. "తొమ్మిదికి ముందు పిన్ను తీసి ఉంటే పట్టకారు మీద బొట్టు చెక్కుచెదరకుండా ఉండాలి. బొట్టు చెరిగింది కనక తొమ్మిది తరవాతే దీన్ని వాడారు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నాను. తొమ్మిది తరవాత, పన్నెండు లోపల పరదేశే వాడాడు."

"పూజలో పెట్టిన సామానా? పరదేశా?" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నూకరత్నం గుమ్మం దిగి వచ్చింది. "నూకాలమ్మ తోడు బాబూ, పూజలో ఎట్టిన సామాను కాయ కొట్టీదాకా ఆడు ముట్టడు. మిలటరీలో ఉన్నప్పుడే ముట్టలేదని సెప్తాడు. పది నుంచి పన్నెండు దాకా నాను గుళ్లో ఉన్నాను. ఆ ఏల ఎవులొచ్చేరో, ఏటి సేసేరో నాకు తెల్దు. ఆడు మాత్రం ముట్టడు."

పరదేశి నేలకేసి చూస్తున్నాడు. పెళ్లాం తన తరపున మాట్లాడుతూంటే సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకున్నాను.

"అయితే ముట్టిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను కంచె దగ్గరికి నడిచి, చెయ్యి గుడ్డకట్టుతో మెడకి వేలాడేసుకుని నిలబడ్డ దాసుని చొక్కా పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. దాసు సత్యారావు దగ్గర క్లీనరు. ప్రమాదంలో వ్యానులో ఉన్నది సత్యారావూ వీడూ ఇద్దరే. వీడు చెయ్యి విరిగి బయటపడ్డాడు.

"నవమి నాడు పదిన్నరకి ఇక్కడికొచ్చావా లేదా?"

"వచ్చేను బాబూ. బంతిపూలూ అరటిబోదెలూ తెచ్చి వేనుకి కట్టేను. సత్తిబాబు కట్టమన్నాడు."

"ఎంతసేపున్నావు?"

"పావుగంట."

"దశమి నాడు తీసుకెళ్లాల్సిన వ్యానుని నవమి సాయంత్రమే ఎందుకు తీసుకెళ్లారు?"

"అందరూ బళ్లకి పూజ సేయిస్తంటే సత్తిబాబుకి మనసాగలేదు బాబూ. మనింటి ముందర ఎట్టి గుమ్మడికాయ కొడదారి రారా అన్నాడు. నాలుగింటికొచ్చేం. పరదేశన్న లేడు."

నూకరత్నం తల దించుకుంది. "పనయిపోయిందని నానే సెప్పేను. తీసుకెల్లమన్నాను" అంది మెల్లగా. మిలటరీ బండికి తాళంచెవి ఉండదు. స్విచ్చి తిప్పితే చాలు.

నేను దాసు వైపే తిరిగాను. "ముందు సీటు ఖాళీగా ఉండగా వెనకెందుకు కూచున్నావు? బండి గుద్దుకుంటుందని నీకు ముందే తెలుసు. అవునా?"

"అరటిబోదెలు పడిపోకుండా పట్టుకున్నాను బాబూ!"

"అబద్ధం! పదిన్నరకి నువ్వొక్కడివే ఉన్నావు. పూజలోంచి పట్టకారు తీశావు, పిన్ను లాగావు."

"నానొక్కడినీ కాదు, పరదేశన్న కూడా ఉన్నాడు" అన్నాడు దాసు. అని వెంటనే నోరు మూసుకున్నాడు.

"ఉంటే ఏం చేస్తున్నాడు?"

దాసు పరదేశి వైపు చూశాడు. పరదేశి తల అడ్డంగా ఊపాడు. నేను చేతికర్ర ఎత్తాను. వీధిలో జనం పోగయ్యారు. దాసు ఏడుపు మొదలెట్టాడు. "సత్తిబాబు నాకు అన్నలాటోడు బాబూ, నానెందుకు సంపుతాను? నన్నేటి సేసినా సరే, పరదేశన్న సంగతి నా నోటంట రాదు."

అప్పుడు పరదేశి ముందుకొచ్చాడు. "ఆడ్ని ఒగ్గీండి బాబూ. పిన్ను నానే తీసేను. సామాను ముట్టింది నానే. ఇనిస్పెట్రు బాబూ, రాసుకోండి."

నూకరత్నం కూలబడింది. ఇన్‌స్పెక్టరు జేబులోంచి పుస్తకం తీశాడు.

"ఎప్పుడు తీశావు?"

"నవమి నాడు. పదకొండుకి."

"ఎందుకు తీశావు?"

పరదేశి సంకెళ్లకేసి చూసుకున్నాడు.

"తీసిన పిన్ను ఏది?"

"పారీసేను."

"విన్నారుగా కామేశం గారూ. ఈ కేసు కూడా పత్రికలకి చెప్పండి."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దాసు చొక్కా ఇంకా నా చేతిలోనే ఉంది. వదిలేశాను. ఓడిపోయినవాడికి చూసే గోడ ఒకటి కావాలి గనక సాల గోడకేసి చూశాను. గోడకి వరసగా డబ్బాలు కొట్టి ఉన్నాయి. ఒకదాంట్లో పాత నట్లు, ఒకదాంట్లో వాచర్లు, ఒకదాంట్లో వంకర తీసిన మేకులు. విరిగిన స్ప్రింగు ముక్కలకి కూడా వేరే డబ్బా ఉంది. పరదేశి ఏదీ పారెయ్యడు. అప్పటికి ఆరేళ్లుగా నా కారు అతనే చూస్తున్నాడు. నా కారులోంచి తీసిన మేకు కూడా ఏడాది తరవాత ఎక్కడో ఒకచోట పనికొచ్చేది.

అలాంటి మనిషి బాగున్న పిన్ను ఎందుకు పారేస్తాడు? తీశాడంటే దేనికో వెయ్యడానికే తీసి ఉండాలి. నవమి నాడు పదకొండు గంటలకి ఈ పెరట్లో వ్యాను కాక ఇంకే బండి ఉంది?

నా కారు ఉంది.

అష్టమి సాయంత్రం ఆరింటికి నేనే తెచ్చి దింపాను. స్టీరింగు ఒక పక్కకి లాగుతోందన్నాను. "రేపు నవమి బాబూ, సామాను పూజలో ఎడతాను. దశమి మద్దేన్నం ఇచ్చీమంటారా?" అన్నాడు. "సన్మానం నవమికి గాని దశమికి కాదురా. చేతకాకపోతే చెప్పు, అనకాపల్లి తోలుకుపోతాను. రేపు పన్నెండుకి కారు నా గుమ్మంలో ఉండాలి" అన్నాను. అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాను. పన్నెండుకి కారు వచ్చింది. రాత్రి కూచుని చేసుంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత కూడా అనుకోలేదు. నా బుర్రంతా సభలో మాట్లాడబోయే మాటల మీదే ఉంది.

కారు అప్పజెప్పి అతను వెనుదిరిగితే ఆపి ఎక్కమన్నాను. దారిలో మూడుసార్లు "ఒకపాలి ఇంటికెల్లాల బాబూ, పనుండిపోయింది" అన్నాడు. పెళ్లాం మీద అంత బెంగేమిట్రా అని ఎకసెక్కాలాడాను. సభ అయ్యాక, రాత్రికే తిరిగి వెళ్లిపోదామన్నాడు. అప్పుడు కసిరాను.

"ఇన్‌స్పెక్టరు గారూ, అయిదు నిమిషాలు వీణ్ణి నాతో వీధిలోకి రానివ్వండి" అన్నాను.

"తీసుకెళ్లండి. ఇంకా ఏం చేస్తారో చూస్తాను" అన్నాడు.

కారు అరుగు పక్కన ఆపి ఉంది. నా బేబీ ఆస్టిన్‌కి పైనా అడుగునా నలుపు రంగే. కానిస్టేబులు నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"బాబూ, అక్కడేటీ లేదు. బట్టలు మాసిపోతాయి" అన్నాడు పరదేశి.

పట్టు కండువా తీసి పక్కన పడేసి, వెల్లకిలా పడుకుని చక్రాల మధ్యకి తల దూర్చాను. ఎక్కువ వెతకాల్సిన పని లేకపోయింది. రాడ్డు చివర, నల్లటి నట్టులో పచ్చటి పిన్ను ఉంది.

విశాఖపట్నం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ పిన్నే నన్ను కాపాడింది.

పరదేశి గొంతుక్కూచున్నాడు. సంకెళ్ల చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడాడు. "తవఁరి పిన్ను తుప్పట్టి ఉన్నాది. లాగితే ఇరిగిపోయింది. పండగని కొట్లన్నీ మూసీసేరు. మేకు ముక్క ఎట్టి పంపీవచ్చును బాబూ. యిశాపట్నం దాకా ఎల్లీ బండి, మనసొప్పలేదు. వేను రేపటి దాకా కదల్దు కదా అనుకున్నాను. కారు ఒప్పజెప్పి వచ్చి వేను సంగతి సూద్దారనుకున్నాను."

"నేను ఎక్కమన్నాను."

"అవున్బాబూ."

"దారిలో విషయం ఎందుకు చెప్పలేదురా?"

"సెప్పడానికి సిగ్గేసింది బాబూ. తల్లి దగ్గర ఎట్టిన సామాను ముట్టేనని, ఒక బండి పిన్ను ఇంకో బండికేసేనని తవఁరికెలా సెప్తాను? నాను చేసే పనేనా అది?" కానిస్టేబులు కేసి ఒకసారి చూశాడు. "తవఁరు నోరిప్పకండి. సాల గోడకి మూడో డబ్బాలో మేకులున్నాయి. ఇది లాగీసి అదొకటి ఎట్టీసుకోండి. ఎవులికీ తెల్దు. నా ఒక్కడితో పోతాది. తవఁరి పేరెందుకు బాబూ?"

నేను వెంటనే కాదనలేదు. ఆ సంగతి రాయకపోతే ఈ అధ్యాయం రాసి ప్రయోజనం లేదు. కారు కింద పడుకునే ఆలోచించాను. డబ్బా ఎక్కడుందో తెలుసు. పట్టకారు ఎక్కడుందో తెలుసు. అనకాపల్లి పత్రికలో నా పేరు ఎలా పడుతుందో కూడా కళ్లకి కట్టింది. అంతసేపూ ఆ మనిషి సంకెళ్లతో నా పక్కనే గొంతుక్కూచుని, నేనెప్పుడు లేస్తానా అని చూస్తున్నాడు. నన్ను చూసి నాకే అసహ్యం వేసింది.

"ఇన్‌స్పెక్టరు గారూ!" అని కేకేశాను. "టార్చి తీసుకుని ఇలా రండి. కిందికి పడుకోవాలి, బట్టలు మాస్తాయి."

ఆయన వచ్చాడు, పడుకున్నాడు, టార్చి వేశాడు. లేచి మోచేతులు దులుపుకున్నాడు.

"ఈ కారు ఎవరిది?" అన్నాడు. తెలియక అడగలేదు. రాసుకోడానికి అడిగాడు.

"నాది. పిన్ను తీసింది పరదేశి. నా మాటకి భయపడి తీశాడు. తిరిగి వెయ్యడానికి ఇంటికి వెళతానని మూడుసార్లు అడిగితే వెళ్లనివ్వనిది నేను. సత్యారావుని చంపాలని ఎవరూ అనుకోలేదు."

"ఈ మాట కోర్టులో చెబుతారా?"

"చెబుతాను."

"మీ పేరు పోతుంది."

"పోనివ్వండి."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వితే కొంచెం సుఖంగా ఉండేది. నవ్వలేదు. కానిస్టేబుల్ని పిలిచి పరదేశి సంకెళ్లు తీయించాడు. "హత్య అన్న మాట కొట్టేస్తున్నాను. మిగతాది కోర్టు తేలుస్తుంది. అది వీడికీ, మీకూ కూడా" అన్నాడు. పరదేశి మణికట్లు రుద్దుకుంటూ నా వైపు చూడకుండా నుంచున్నాడు. కంచె దగ్గర దాసు ఇంకా కళ్లు తుడుచుకుంటున్నాడు. వాడి దగ్గరికి వెళ్లి ఏదో ఒకటి అనాలని తెలుసు. వెళ్లలేదు.

వీధి చివర బస్సు హారను మోగింది. వాచీ చూసుకున్నాను. పదకొండు కావడానికి రెండు నిమిషాలుంది.

చిన్నమ్మి ఒక్కతే నడిచి వచ్చింది. జనం పక్కకి తప్పుకున్నారు. ఆమె పరదేశి వైపు చూడలేదు, ఇన్‌స్పెక్టరు వైపు చూడలేదు. మాటిచ్చినవాణ్ణి నేను కనక తిన్నగా నా దగ్గరికే వచ్చింది. నా తెల్ల బట్టలకి అంటిన మట్టీ నూనే చూసి, తన మొగుడి కోసం ఇంత కష్టపడుతున్నానని కాబోలు, కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. తల మీది కొంగు సర్దుకుని రెండు చేతులూ జోడించింది.

"ఎవులో తెలిసిందా బాబూ?"

కారు అద్దంలోంచి వెనక సీట్లో మడత పెట్టిన శాలువా కనిపిస్తోంది.

"తెలిసిందమ్మా. ముందు ఆ చేతులు దించు" అన్నాను.